పాడుపెట్టిన ఇంట్లో ఏడు మూటలు

ఆరు నెలల గడువు తీరకముందే ఆ ఇంట్లోకి నేను ఒకసారి వెళ్ళాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా నాయనకు కూడా చెప్పలేదు.

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. భయం పుట్టించే కథలు చదివి, దీపం ఆర్పేసి, హాయిగా నిద్రపోయే మనిషిని నేను. అలాంటివాటికి కాగితం మీద తప్ప ఎక్కడా చోటు లేదనుకునేదాన్ని. ఇప్పుడు ఆ అభిప్రాయం మారిందని కూడా చెప్పలేను. అందుకే ఊహలేవీ కలపకుండా, ఆ రోజుల్లో డైరీలో రాసుకున్నది దగ్గర పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మా అమ్మ చిత్తూరులో మా సొంత ఇంట్లో పోయింది. ఒక ఉదయం దోసెపిండి గిన్నె పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి వస్తూ కూలబడిపోయింది. ఆటో వచ్చేసరికే అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. నేల మీద పడిన పిండి తుడిచాను. అది ఎండితే పోదని మాత్రం తోచింది.

నాయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా బదిలీలే. పలమనేరు, పుంగనూరు, పుత్తూరు, నగరి, ఇలా ఎనిమిది అద్దె ఇళ్ళు మారాక, నాలుగేళ్ళ కిందట అమ్మ పట్టుబట్టి ఈ ఇల్లు కట్టించింది. ఇక మూటలు కట్టే పని లేదని గృహప్రవేశం రోజు అందరితోనూ చెప్పుకుంది.

పురోహితుడు పంచాంగం చూసి ధనిష్ఠా పంచకం అన్నాడు. తెలియనివాళ్ళకు చెప్పాలి. ధనిష్ఠ సగం నుంచి రేవతి దాకా ఉన్న నక్షత్రాల్లో ఎవరైనా పోతే, ఆ ఇల్లు కొన్ని నెలలు పాడుపెట్టాలంటారు. అంటే తాళం వేసి, వాకిలికి ముళ్ళకంప అడ్డం పెట్టి, దీపం లేకుండా వదిలేయాలి. గడువులోపల ఇంటివాళ్ళెవరైనా లోపల అడుగుపెడితే ఆ కుటుంబంలోనే ఇంకొకరు పోతారని నమ్మకం. మాకు ఆరు నెలలన్నారు. మా కుటుంబంలో మిగిలింది నాయన, నేను. అంతే.

నాయన మొదట ఒప్పుకోలేదు. అరుగు మీద కూర్చుని అమ్మ తమ్ముడితో, అంటే మా మామతో, వాదన వేసుకున్నాడు.

“ఏమప్పా, ఆమె కట్టించిన ఇల్లు. ఆమె పోయిందని దానికి కంప కొట్టాల్నా?”

“నేను సెప్పేది కాదు బావా, శాస్త్రం సెప్తాది. నీకేమన్నా అయితే ఈ పాపకు ఎవురుండారు? కరెంటు తీగలు పట్టుకోని బతికినోడివి, ఈడ మాత్రం మొండికేయొద్దు.”

నా మాట వచ్చేసరికి నాయన దిగొచ్చాడు. తిరుపతిలో మేడమీద రెండు గదుల పోర్షన్ మామే చూసిపెట్టాడు. కర్మ అయిన మర్నాడే మారాలి. పదమూడు రోజులు టైముంది.

నేను నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాను. చేయడానికి ఒక పని దొరికిందని సంతోషించాననాలి. సంతోషం అన్న మాట సరిపోదు గానీ వేరే మాట తెలియదు. కిరాణా కొట్టునుంచి అట్టపెట్టెలు తెచ్చి ఒకటి నుంచి పద్దెనిమిది దాకా నంబర్లు వేశాను. పైనా ఒకటి, పక్కనా ఒకటి, ఎటు తిప్పినా కనిపించేలా. పుస్తకంలో నంబరు, లోపల ఏముంది, ఏ గదిలో దించాలి అని మూడు గడులు గీశాను. ఒకటో నంబరు దిగగానే విప్పాల్సింది. అందులో గిన్నెలు రెండు, టీపొడి, చక్కెర, సబ్బు, నాయన మాత్రలు, కత్తెర, బల్బు. పుస్తకాలు బరువని చిన్న పెట్టెల్లో సర్దాను. మామ చూస్తే ఈ సమయంలో కథల పుస్తకాలు కావాల్సొచ్చాయా అంటాడని, వాటి మీద ‘వంట సామాను’ అని రాశాను. అమ్మ వస్తువులు మాత్రం ముట్టుకోలేదు. ఆమె చీరలు బీరువాలో, ఆమె డబ్బాలు వంటింటి అరల్లో, ఎలా ఉన్నవి అలాగే వదిలేయమన్నాడు నాయన.

అమ్మ పద్ధతి వేరు. ఆమెకు పుస్తకం లేదు, నంబర్లు లేవు. వారం ముందే పాత చీరలు పరిచి మూటలు కట్టేది. కట్టినవన్నీ వాకిలి దగ్గర వరసగా పెట్టి, ముడులన్నీ వాకిలివైపుకే తిప్పేది. ఎత్తేవాడికి చేయి సులువుగా అందాలట. ఉప్పు, పసుపు, కందిపప్పు, అగ్గిపెట్టె ఉన్న చిన్న మూట ఒకటి వేరుగా కట్టి, లారీలో తన ఒళ్ళో పెట్టుకునేది. కొత్త ఇంట్లోకి అదే ముందు వెళ్ళాలి. ఆమెది ఎడమచేతి వాటం. ఆమె వేసిన ముడి మాలో ఎవరికీ ఊడేది కాదు. నాయన అయితే ముడి వేయనే లేడు. ఉద్యోగంలో షాక్ కొట్టి, కుడిచేతి వేళ్ళు రెండు వంగిపోయి అలాగే ఉండిపోయాయి.

సామాను ఎత్తిన రోజు హమాలీ ఒకతను నా పెట్టెలు చూసి నవ్వాడు. “ఏం పాపా, రేషన్ షాపు మాదిరి నంబర్లేసినావే. మా ఈపుల మీద కూడా ఒకోటి రాయి, తప్పిపోకుండా ఉంటాం.” తర్వాత నాయన గుండు చూసి, నోరు మూసుకుని పని చేసుకున్నాడు.

బయలుదేరేటప్పుడు మామ ముందు తలుపుకు తాళం వేసి, కంప అడ్డం పెట్టాడు. “ఎనక్కి తిరిగి సూడొద్దండి. ఏమన్నా మర్సిపోయింటే మర్సిపోయినట్టే. మళ్ళా దానికోసం రాకూడదు” అన్నాడు.

వ్యాను రైలుగేటు దాటాక నాకు గుర్తొచ్చింది. నా సర్టిఫికెట్ల నీలం ఫైలు.

అది ముఖ్యమైనదని ఏ పెట్టెలోనూ పెట్టలేదు. చేత్తో పట్టుకెళ్దామని బీరువా పైన వేరుగా ఉంచాను. పెట్టెలో లేదు కాబట్టి జాబితాలోనూ రాయలేదు. జాబితా అంతా సరిచూసుకుని, పద్దెనిమిదీ ఎక్కాయని టిక్కు పెట్టుకుని, తృప్తిగా వ్యానెక్కాను. ఇల్లు మారేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక్కటి చెప్తాను. చేత్తో తీసుకెళ్ళేవి కూడా జాబితాలో రాసుకోండి.

నాయనకు చెప్పలేదు. మామ వింటాడని ఆ పూట చెప్పలేదు. తర్వాత చెప్పే వీలు దొరకలేదు. నాకు మాటలు అంత తేలిగ్గా రావు.

మూడో నెలలో శ్రీ సిటీలోని ఒక కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. అమ్మ ఉండగా వెళ్ళొచ్చిన ఇంటర్వ్యూ అది. ఉద్యోగం ఇచ్చారు. తిరుపతి నుంచి కంపెనీ బస్సు ఉంది. చేరే రోజు ఒరిజినల్స్ చూపించాలి. ఫోన్‌లో ఫొటోలున్నాయంటే కుదరదన్నారు. ఒక వారం గడువడిగాను, ఇచ్చారు. రెండోసారి అడిగితే వేరేవాళ్ళను తీసుకుంటామన్నారు. కాలేజీ నుంచి నకళ్ళు రావాలంటే నెలలు పడుతుంది.

ఆ వారమంతా ఎదురుగా నాయన కనిపిస్తూనే ఉన్నాడు. పొద్దున పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మెట్ల మీద కూర్చోవడం. నేను నమ్మనిదాని కోసం ఉద్యోగం వదులుకోవడం తెలివితక్కువ. కానీ ఆ నమ్మకంలో పందెంగా పెట్టింది ఆయన్ని. ఇది నాకు బాగా తెలుసు. తెలిసే వెళ్ళాను.

చంద్రగిరిలో స్నేహితురాలింటికి పోతున్నానని అబద్ధం చెప్పాను. “పోయిరా పాపా. ఈడ నా మొగం ఎంతసేపు సూస్తావు” అన్నాడు. చిత్తూరు బస్సు చంద్రగిరిలో ఆగినప్పుడు కిటికీలోంచి చూడకుండా తల దించుకున్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఎండ బాగా ఉంది. వీధిలో ఎవరూ లేరు. ముందు తలుపు తాళంచెవి మామ దగ్గర ఉంటుంది. వెనక తలుపు చెవులు రెండు. ఒకటి నాయన దగ్గర, ఒకటి నా దగ్గర. వెనక తలుపుకు కంప లేదు. తాళం బిగుసుకుపోయి ఉంది, రెండుసార్లు తిప్పితే వచ్చింది.

వంటింట్లో అడుగుపెట్టాను. మూసిన ఇంటి వాసన. నేల మీద దుమ్ము తెల్లగా, సమంగా పరుచుకుని ఉంది. నా చెప్పులు బయట విడిచాను. నా పాదాల గుర్తులు తప్ప అందులో ఏ గుర్తూ లేదు. ఇది నేను అప్పుడే గమనించాను, తర్వాత ఊహించుకున్నది కాదు.

అరల వైపు చూశాను. ఖాళీగా ఉన్నాయి. అమ్మ డబ్బాలు ఒక్కటీ లేవు. దొంగలు పడ్డారనుకున్నాను.

హాల్లోకి వచ్చాను.

ముందు తలుపు దగ్గర మూటలున్నాయి. గోడవారగా, వరసగా. పాత చీరల్లో కట్టినవి. ముడులన్నీ వాకిలివైపుకు తిరిగి ఉన్నాయి. లెక్కపెట్టాను. ఏడు. అన్నిటికంటే చిన్నది చివరన ఉంది. దాని మీద నా నీలం ఫైలు.

నేల మీద దుమ్ముంది. మూటల మీద లేదు. ఫైలు మీద లేదు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. భయం వేయలేదు. గుండె కొట్టుకోవడం కూడా మామూలుగానే ఉంది. ‘నేను లేకుండానే అంతా సర్దేసింది’ అని మాత్రం అనుకున్నాను, ఆమె వేరే ఊళ్ళో ఉన్నట్టు.

ఫైలు తీసుకుని తెరిచి చూశాను. అన్నీ ఉన్నాయి. తర్వాత కూర్చుని ఆ చిన్న మూట విప్పడానికి ప్రయత్నించాను. ముడి రాలేదు. చివరికి పళ్ళతో లాగాను. లోపల ఉప్పు డబ్బా, పసుపు, కందిపప్పు పొట్లం, అగ్గిపెట్టె. ఉప్పు డబ్బా మూత తీశాను. వానలు మొదలైన నెల అది. తిరుపతిలో రోజూ వాడే మా ఉప్పే చెమ్మగిల్లి గడ్డకట్టేది. ఇక్కడ మూడు నెలలుగా మూసిన ఇంట్లో ఉప్పు పొడిగా, వేళ్ళ మధ్య ఇసుకలా జారింది.

మళ్ళీ కట్టాను. నా ముడి నాదే, ఆమె ముడిలా రాలేదు.

ఆ తర్వాత నేను చేసింది రాయాలి. ఫైలు చంకలో పెట్టుకుని వెనక తలుపుకు తాళం వేసుకుని వచ్చేశాను. ఆ చిన్న మూటైనా తీసుకోలేదు. బరువు లేదు. బస్సులో ఒళ్ళో పెట్టుకోవచ్చు. ఎక్కడిదని నాయన అడిగితే ఏం చెప్పాలని ఆలోచించాను. ఎక్కడికో బయలుదేరడానికి ఆమె అంతా సిద్ధం చేసి ఉంచితే, నేను నా కాగితాలు మాత్రం తీసుకుని వచ్చాను.

ఆ రోజు డైరీలో మూడు ముక్కలే ఉన్నాయి. ‘బస్సు ఖాళీ. ఫైలు దొరికింది. మూటలు ఏడు.’

సోమవారం ఉద్యోగంలో చేరాను. గురువారం నాయనకు జ్వరం వచ్చింది.

తొమ్మిది రోజులు తగ్గలేదు. రక్తపరీక్షల్లో ఏదో విషజ్వరం అన్నారు, ఊరంతా ఉందన్నారు. నేను తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కాలి. ఎక్కేముందు ఆయన ఛాతీ పైకీ కిందికీ కదలడం చూసి, పది లెక్కపెట్టి వెళ్ళేదాన్ని. పనిలో ఫోన్ మోగితే మామ నంబరేమోనని ముందు చూసేదాన్ని. ఒక సాయంత్రం చెప్పేద్దామని ఆయన మంచం దగ్గర కూర్చున్నాను. “ఏమి పాపా అట్ల సూస్తావు? నేను పోయేటోణ్ణి కాదులే, నీ జీతం తినకుండా” అన్నాడు. చెప్పకుండానే మాత్రలు చేతికిచ్చి లేచాను.

పదో రోజు జ్వరం దిగింది. నమ్మకం అబద్ధమని తేలిందని సంతోషించాలి. కానీ గడువింకా తీరలేదు, ఇంకా రెండు నెలలకు పైనే ఉంది. ఆ రెండు నెలలూ పది లెక్కపెట్టడం మానలేదు.

మధ్యలో ఒకరోజు ఆయన ఒక్కడే చిత్తూరు వెళ్ళాడు. పింఛను ఆఫీసులో బతికే ఉన్నానని కాగితం ఇవ్వాలట. “మనిషి ఎదురుగా నిలబడినా నమ్మరు పాపా, కాగితం సూస్తేనే బతికినట్టు” అని నవ్వుకుంటూ బయలుదేరాడు. సాయంత్రం వచ్చి ఆకలి లేదని పడుకున్నాడు. ఎండకు తిరిగి అలసిపోయాడనుకున్నాను.

మామను మాటల్లో పెట్టి ఒకసారి అడిగాను, అక్కడ అమ్మ సామాన్లు ఎవరైనా సర్దారా అని. “ఎవురు ముట్టుకుంటారు తల్లీ, ఆ ఇంటిపక్క పోవాలంటేనే జనం బయపడతావుండారు” అన్నాడు.

ఆరు నెలలు నిండాయి. పురోహితుడు, మామ, నాయన, నేను వెళ్ళాం. మామ కంప లాగేసి తాళం తీశాడు. తలుపు తెరుచుకుంటుంటే నేను నేల వైపే చూశాను.

మూటలు లేవు.

వంటింట్లో అమ్మ డబ్బాలు అరల్లో వాటి చోట్లలో ఉన్నాయి. చీరలు బీరువాలో ఉన్నాయి. ఉప్పు డబ్బా మూత తీశాను. ఉప్పు నీరై, అడుగున ముద్దగా ఉంది.

అంతా నా భ్రమే అనుకునేదాన్ని, నేల మీద గుర్తులు లేకపోతే. వంటింటి నుంచి హాలు దాకా, హాలు నుంచి వెనక్కి, నా పాదాలు. పైన కొత్త దుమ్ము కప్పినా తెలుస్తున్నాయి. వాటి పక్కనే, కొన్నిచోట్ల వాటి మీదుగా, ఇంకొక జత. పెద్దవి. అవి మాత్రం చాలాసార్లు వాకిలి దగ్గరికి, వంటింట్లోకి, బీరువా దగ్గరికి తిరిగాయి.

మామ కూడా చూశాడు. “బావా, దొంగనాయాళ్ళెవురో దూరినట్టుండారు.”

“పిల్లులు తిరిగింటాయి లేప్పా” అన్నాడు నాయన.

“పిల్లికి ఇంత మడమ ఉంటాదా బావా?”

“ఉంటాది. ముందు పొరక ఇయ్యి ఇట్ల.”

జీవితంలో పొరక పట్టని మనిషి, వంగిపోయిన వేళ్ళతో దాన్ని పట్టుకుని, హాలంతా తనే ఊడ్చాడు. శుద్ధికి ఇంట్లో తిప్పాల్సిన ఆవు రావడానికి ఇంకా టైముంది, ఎవరినైనా పిలుద్దామని మామ అంటున్నా వినలేదు. నా గుర్తుల మీద, పెద్ద గుర్తుల మీద ఒకే విసురుగా ఊడ్చాడు. తర్వాత పురోహితుడు నీళ్ళు చల్లాడు, ఆవును తిప్పారు, దీపం పెట్టారు.

ఆ పెద్ద పాదాలు ఎవరివో నాకు తెలుసు. నాలాగే పళ్ళతోనో ఎలాగో ముడులు విప్పి, అరల్లో సర్దిన చేతులెవరివో కూడా ఊహించగలను. మూటలు కట్టింది ఎవరో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ముడి మా ఇంట్లో బతికున్నవాళ్ళెవరికీ రాదు. అలసట, దుఃఖం, ఎండదెబ్బ, అన్నీ అనుకుని చూశాను. అవేవీ నీలం ఫైలును బీరువా పైనుంచి కిందికి దించవు.

సాయంత్రం మామ పురోహితుణ్ణి దింపి రావడానికి వెళ్ళాడు. నేను, నాయన అరుగు మీద కూర్చున్నాం. వీధిలో లైట్లు వెలిగాయి. ఆయన చాలాసేపు తన వంగిన వేళ్ళను ఇంకో చేత్తో నొక్కుకుంటూ ఉన్నాడు. నా వైపు చూడలేదు. కోపం లేదు గొంతులో. మార్కెట్లో ధర అడిగినట్టు అడిగాడు.

“నువ్వు పోయినప్పుడు ఎన్ని మూటలుండె పాపా?”